చాప్లిన్ నవ్వు – యుద్ధకాలపు ప్రేక్షకుడు

నవ్వు నాలుగు విధాల చేటన్నారు మన పెద్దలు. చేటు ఎవరికన్నది మాత్రం చెప్పలేదు. నవ్వేవాడికా? నవ్వులపాలయ్యేవాడికా? గొంతెత్తి అరిస్తే దేశాలు వణికే నియంతను ఒక పొట్టి విదూషకుడు వెండితెర మీద నవ్వులపాలు చేస్తే ఆ చేటు ఎవరి పద్దులో రాయాలి? చార్లీ చాప్లిన్ జీవితాన్ని నేను చదివింది ఈ ప్రశ్న పట్టుకునే. ఆయన టోపీ గురించీ, చేతికర్ర గురించీ, వంకర నడక గురించీ మీరు చాలా విని ఉంటారు. ఇక్కడ నేను చెప్పబోయేది సగం ఆయన కథ, సగం ఆయన బొమ్మ చూసిన జనం కథ. ఎందుకంటే యుద్ధం మీద నవ్వు పుట్టించడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. హాల్లో కూర్చున్నవాడు కూడా ఒక చెయ్యి వెయ్యాలి.

మన అలంకారికులు హాస్యానికి కరుణం, భయానకం విరోధి రసాలన్నారు. శాస్త్రం అలా అన్నా, మన బుర్రకథ దళాలు మాత్రం దాన్ని అంతగా పట్టించుకున్నట్టు లేదు. కథకుడు యుద్ధఘట్టం చెబుతూండగానే పక్కనున్న హాస్యపు వంత ఒక మాట విసురుతాడు. జనం పగలబడి నవ్వుతారు. నవ్విన ఆ కళ్లే మరు నిమిషంలో తడుస్తాయి. చాప్లిన్ చేసిన పనీ ఇదే. ఆయనకు ఈ విద్య పుస్తకాల్లోంచి రాలేదు, బతుకులోంచి వచ్చింది.

ఆయన పుట్టింది 1889 ఏప్రిల్ 16న. సరిగ్గా నాలుగు రోజుల తర్వాత ఆస్ట్రియాలో మరో పిల్లవాడు పుట్టాడు. అతని పేరు అడాల్ఫ్ హిట్లర్. చాప్లిన్ తల్లి హన్నా, తండ్రి చార్లెస్ ఇద్దరూ ఇంగ్లండు మ్యూజిక్ హాళ్లలో పాటలు పాడి పొట్టపోసుకునేవాళ్లు. తండ్రి తాగుడికి లోబడి, కుటుంబానికి దూరమై, నడి వయసు రాకుండానే పోయాడు. చార్లీకి అయిదేళ్లప్పుడు ఆల్డర్‌షాట్ అనే సైనిక పట్టణంలో తల్లి పాడుతూండగా గొంతు జీరబోయింది. హాలు నిండా సైనికులే. ఈలలు, పిల్లికూతలు మొదలయ్యాయి. ఆమె వేదిక దిగిపోతే, పక్కన నిలబడ్డ పిల్లవాణ్ణి మేనేజరు చెయ్యి పట్టుకుని దీపాల ముందుకు తీసుకొచ్చాడు. కుర్రవాడు పాట ఎత్తుకోగానే చిల్లర డబ్బుల వాన కురిసింది. పాట ఆపేసి, ముందు డబ్బులు ఏరుకుంటాను, ఆ తర్వాత పాడతాను అని ప్రకటించేసరికి హాలు గొల్లుమంది. ఆ ఊపులో తల్లి గొంతు ఎలా జీరబోయిందో అదికూడా అనుకరించి చూపాడు. జనం ఇంకా నవ్వారు. రంగస్థలం మీద కొడుక్కి అది తొలి రాత్రి, తల్లికి ఆఖరి రాత్రి. ఒకే పాటలో ఇద్దరి రాతలు తేలిపోయాయి.

చిన్ననాటి మరో సంగతి ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. వాళ్ల వీధి చివర ఒక కబేళా ఉండేది. ఒకరోజు ఒక గొర్రె తప్పించుకుని వీధిలో పడి పరుగు తీసింది. దాన్ని పట్టబోయి జనం ఒకళ్లమీద ఒకళ్లు పడుతూంటే కుర్రవాడు పడీపడీ నవ్వాడు. చివరికి గొర్రె దొరికింది. దాన్ని లోపలికి ఈడ్చుకుపోయారు. అప్పుడు గానీ దానికి జరగబోయేది ఏమిటో వాడికి తట్టలేదు. ఏడుస్తూ ఇంటికి పరిగెత్తి తల్లి ఒళ్లో పడ్డాడు. తన చిత్రాల్లో నవ్వూ ఏడుపూ కలిసిపోవడానికి బీజం అక్కడే పడిందేమోనని పెద్దయ్యాక ఆయనకు అనిపించింది. నాకైతే ఈ చిన్న సంఘటనలో ఆయన రాబోయే జీవితమంతా కనిపిస్తుంది. తెలియనంతసేపు నవ్వు, తెలిసిన క్షణాన ఏడుపు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఆ తర్వాత లాంబెత్ వర్క్‌హౌసు, హాన్‌వెల్‌లో నిరుపేద పిల్లల బడి, తల్లికి మతి చలించి ఆసుపత్రి పాలవడం – ఒకదాని వెంట ఒకటి కష్టాలు వచ్చాయి. చిల్లర వేషాలు వేసుకుంటూ 1908లో ఫ్రెడ్ కార్నో కంపెనీలో చేరాడు. 1910లో ఆ కంపెనీతోనే అమెరికా చూశాడు. 1914 ఆరంభంలో కీస్టోన్ స్టూడియోలో కెమెరా ముందు నిలబడ్డాడు. బిగుతు కోటు, వదులు ప్యాంటు, పెద్ద బూట్లు, చిట్టి మీసం ఆ ఏడాదే లోకానికి కనిపించాయి. అదే ఏడాది జులై చివర్లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది.

1916లో మ్యూచువల్ కంపెనీ ఆయనకు ఏడాదికి 6,70,000 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అప్పటికి ఆయన వయసు 26. సాటి వయసు ఇంగ్లీషు కుర్రాళ్లు ఫ్రాన్సు కందకాల్లో చచ్చిపోతూంటే ఇతగాడు అమెరికాలో కూర్చుని డబ్బు గడిస్తున్నాడని ఇంగ్లండులో కొన్ని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. పిరికితనానికి గుర్తుగా కొందరు ఆయనకు తెల్ల ఈకలు పంపారు. విచిత్రమేమంటే, కందకాల్లో ఉన్న సైనికులకు మాత్రం ఈ కోపం లేదు. వాళ్లకు చార్లీ బొమ్మలే కావాలి. పడక దిగలేని క్షతగాత్రుల కోసం ఆసుపత్రుల్లో పైకప్పు మీద ఆయన సినిమాలు వేసి చూపేవారట. ఇంట్లో పేపరు చదువుకునేవాడికి తప్పుగా తోచిన నవ్వు, కాలు పోగొట్టుకున్నవాడికి మందులా పనిచేసింది!

1918లో మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్‌లతో కలిసి చాప్లిన్ యుద్ధ రుణపత్రాల అమ్మకానికి ఊరూరా తిరిగాడు. వెనక్కి రాగానే యుద్ధం మీదే హాస్యచిత్రం తీస్తానన్నాడు. మిత్రులు హడలిపోయారు. ఈ సమయంలో యుద్ధంతో పరాచికాలు ప్రమాదమని సెసిల్ బి. డిమిల్ హెచ్చరించాడు. అయినా తీశాడు. అదే 'షోల్డర్ ఆర్మ్స్'. పూర్తయ్యాక తనకే నచ్చక పారేద్దామనుకుంటే, ఫెయిర్‌బాంక్స్ చూసి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి ఆపాడు.

ఆ చిత్రంలో కందకం నిండా నీళ్లు; చార్లీ నీళ్లలో మునిగి, గ్రామఫోను గొట్టం నోట పెట్టుకుని ఊపిరి పీలుస్తూ పడుకుంటాడు. అందరికీ ఇళ్ల నుంచి ఉత్తరాలొస్తాయి, అతనికి రావు. పక్కవాడి ఉత్తరాన్ని భుజం మీదుగా తొంగిచూస్తూ, వాడు నవ్వితే నవ్వుతూ, వాడు దిగులుపడితే దిగులుపడుతూ నిలబడతాడు. ఊరు వదిలి హాస్టల్లో చేరిన మొదటి నెలలో ఉత్తరం కోసం, ఫోను కోసం ఎదురుచూసిన ఎవరికైనా ఈ సన్నివేశం వేరే చెప్పనక్కరలేదు. చిత్రం 1918 అక్టోబరు 20న విడుదలైంది. మూడు వారాల్లో, నవంబరు 11న, యుద్ధం ఆగింది. తిరిగొచ్చిన సైనికులు దాన్ని తమ బొమ్మే అన్నట్టు చూశారు. బురద, పేలు, ఎలుకలు, ఉత్తరం రాని దిగులు – ఇవన్నీ వాళ్లు అనుభవించినవే. చాప్లిన్ ఎక్కడా సైనికుణ్ణి చూసి నవ్వలేదు. సైనికుడితో కలిసి నవ్వాడు. ఆ తేడాను జనం ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు.

తర్వాతి పదిహేనేళ్లూ ఆయనకు పట్టపగ్గాలు లేవు. 'ది కిడ్', 'ది గోల్డ్ రష్', 'సిటీ లైట్స్'. 1931లో ప్రపంచయాత్రలో భాగంగా బెర్లిన్ వెళితే జనం విరగబడ్డారు. నాజీ పత్రికలు మాత్రం విషం కక్కాయి. ఆయన యూదుడు కాకపోయినా యూదుడని ముద్ర వేశాయి. అదే ఏడాది సెప్టెంబరు 22న లండన్ ఈస్టెండ్‌లోని ఒక చిన్న ఇంట్లో మన గాంధీగారిని కలిశాడు. యంత్రాల మీద ఆయనకున్న అభ్యంతరం ఏమిటని అడిగి తెలుసుకున్నాడు; ప్రార్థన జరుగుతూంటే పక్కన కూర్చుని చూశాడు. ఆ తర్వాత 1936లో వచ్చింది 'మోడరన్ టైమ్స్'.

హిట్లర్ మీసమూ చార్లీ మీసమూ ఒక్కలాగే ఉన్నాయి కదా, ఇద్దరినీ తారుమారు చేసి కథ అల్లమని 1937లో అలెగ్జాండర్ కోర్డా సలహా ఇచ్చాడు. అప్పటికి హిట్లర్‌ను చూసి నవ్వడానికి లోకం సిద్ధంగా లేదు. నాజీల ప్రచారచిత్రం 'ట్రయంఫ్ ఆఫ్ ది విల్' న్యూయార్కులో చూసినప్పుడు రెనే క్లేర్ అనే ఫ్రెంచి దర్శకుడు భయంతో బిగుసుకుపోయాడనీ, చాప్లిన్ మాత్రం పిచ్చిగా నవ్వాడనీ లూయీ బున్యుయెల్ రాసుకున్నాడు. బొమ్మ ఒకటే, చూపులు రెండు. ఒకరికి రాబోయే చావు కనిపించింది, మరొకరికి బడాయి వేషం కనిపించింది. ఇద్దరూ నిజమే చూశారు.

తీస్తున్నానని తెలియగానే బెదిరింపులు మొదలయ్యాయి. హిట్లర్‌ను మంచి చేసుకునే పనిలో ఉన్న బ్రిటన్‌లో ఈ చిత్రాన్ని ఆడనివ్వరని మాట వచ్చింది. అమెరికా తటస్థ దేశం. సెన్సారుతో చిక్కు తప్పదన్నారు. చాప్లిన్ ఎవరి డబ్బూ అడగలేదు. సొంత డబ్బు సుమారు 20 లక్షల డాలర్లు పెట్టాడు. 1939 సెప్టెంబరులో, యుద్ధం మొదలైన కొద్దిరోజులకే, షూటింగు మొదలైంది. అంతే, గాలి మారింది! నిన్నటిదాకా వద్దన్నవాళ్లే త్వరగా పూర్తిచెయ్యమని తొందరపెట్టారు. 1940 జూన్‌లో పారిస్ నాజీల వశమైంది. ఆ నెలలోనే చిత్రం చివరనున్న ఉపన్యాసం చిత్రీకరించాడు.

కథ మీకు తెలిసే ఉంటుంది. టొమేనియా దేశపు నియంత హింకెల్. అతని పోలికలతోనే ఉన్న ఒక యూదు క్షురకుడు. ఇద్దరూ చాప్లినే. నియంత భూగోళపు బెలూనును ఎగరేస్తూ నాట్యం చేస్తాడు. అది చివరికి మొహం మీద పేలిపోతుంది. క్షురకుడు బ్రామ్స్ సంగీతానికి తాళం తప్పకుండా గడ్డం గీస్తాడు. యూదుల పేటలో ఉండే కథానాయిక పేరు హన్నా. అది ఆయన తల్లి పేరు. ఆఖర్న క్షురకుణ్ణే నియంత అనుకుని మైకు ముందు నిలబెడతారు. అతను మనుషులంతా ఒకటేనని, ద్వేషానికి లొంగవద్దని సైనికులను వేడుకుంటాడు. ఆ నాలుగైదు నిమిషాలు తెర మీద హాస్యం లేదు. మీసం వెనక నుంచి చాప్లినే సూటిగా మనవైపు చూసి మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

1940 అక్టోబరు 15న న్యూయార్కులో రెండు థియేటర్లలో విడుదలైంది. జనం పోటెత్తారు. చాప్లిన్ చిత్రాలన్నిటిలో ఎక్కువ డబ్బు తెచ్చింది ఇదే. విమర్శకులు మాత్రం రెండుగా చీలారు. నవ్వించినంతసేపూ బాగుంది, ఆ ఉపన్యాసం దేనికని కొందరు. ఇందులో కమ్యూనిజం వాసన వేస్తోందని మరికొందరు. అది ఉంటే పది లక్షల డాలర్లు నష్టమని పంపిణీదార్లు ముందే చెప్పినా ఆయన తీసెయ్యలేదు. డిసెంబరులో లండన్‌లో ఆడింది. రాత్రిళ్లు జర్మన్ విమానాలు బాంబులు కురిపిస్తున్న నగరమది. తమ ఇళ్లు కూలుస్తున్నవాణ్ణి తెర మీద చూసి ఆ జనం నవ్వారు. జర్మనీలో, ఆక్రమిత దేశాల్లో నిషేధం సరేసరి. ఫ్రాంకో ఏలిన స్పెయిన్‌లో ఆయన పోయేదాకా, అంటే 1975 దాకా, ఈ చిత్రానికి తెర దొరకలేదు. యుద్ధప్రచారం చేస్తున్న సినిమాలంటూ అమెరికా సెనేట్ ఉపసంఘం ఒకటి 1941లో విచారణకు పెట్టుకున్న చిత్రాల్లో ఇదీ ఒకటి. ఆ డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగాక ఆ విచారణ ఊసే లేదు.

ఇక నా అనుభవం రెండు ముక్కలు. విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ చిత్రం మొదటిసారి ఫిలిం క్లబ్బు వారు తెచ్చిన 16 ఎం.ఎం. ప్రింటు మీద చూశాను. కుర్చీలు చాలక సగంమంది కింద కూర్చున్నాం. అప్పుడు హాలంతా మొదటి నుంచి చివరిదాకా ఈలలు, చప్పట్లు. ఉపన్యాసం అయ్యాక లేచి నిలబడినవాళ్లు కూడా ఉన్నారు. చాలా ఏళ్ల తర్వాత, చరిత్ర పాఠం చెప్పే మాస్టారిగా, రెండో ప్రపంచయుద్ధం యూనిట్ అయిపోయిన వారంలో నా విద్యార్థులకు అదే చిత్రం వేసి చూపాను. భూగోళం నాట్యానికి నవ్వారు. నియంత జర్మన్‌లా వినిపించే అర్థం లేని భాషలో కేకలేస్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. కానీ యూదుల దుకాణాల అద్దాల మీద అక్షరాలు రాసే ఘట్టం వచ్చేసరికి హాలు చల్లబడింది. కాన్సంట్రేషన్ క్యాంపులో సిపాయి కవాతు మీద వేసిన హాస్యానికి ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు. 1940 నాటి ప్రేక్షకుడికి తెలియనిది వీళ్లకు తెలుసు. 60 లక్షలమంది యూదులను నాజీలు చంపారని వీళ్లు అంతకుముందు వారమే క్లాసులో రాసుకున్నారు.

చిత్రం అయ్యాక క్యాంటీన్‌లో టీ తాగుతూంటే ఒక అమ్మాయి నన్ను నిలదీసింది. చచ్చినవాళ్ల సంగతి తెలిసి కూడా మనం అలా నవ్వడం తప్పు కాదా సార్ అని. పక్కనున్న కుర్రవాడు ఒప్పుకోలేదు. హంతకుణ్ణి చూసి నవ్వడం తప్పైతే, వాణ్ణి చూసి భయపడటమే గౌరవమా అన్నాడు. బెల్లు మోగినా వాదన తెగలేదు.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చాప్లిన్ తనను తాను వేసుకున్నదే. 1964లో అచ్చయిన ఆత్మకథలో, ఆ క్యాంపుల్లో నిజంగా జరిగిన ఘోరం అప్పుడే తెలిసి ఉంటే ఆ చిత్రం తీయగలిగేవాణ్ణి కాదని ఆయన ఒప్పుకున్నాడు. ఇందాక గుర్తుంచుకోమన్న గొర్రె ఇప్పుడు మళ్లీ మన ముందుకొచ్చింది. అది కబేళా ద్వారం దాటేదాకా నవ్వు, దాటాక ఏడుపు. 1940లో ఆ ద్వారం వెనక ఏం జరగబోతోందో లోకానికి ఇంకా తెలియదు. మూకుమ్మడి హత్యాకేంద్రాలు 1941 చివర్లో గానీ మొదలు కాలేదు.

అంటే చిత్రం తీయడం తప్పా? నేను అలా అనుకోను. చాప్లిన్ చిత్రంలో క్షురకుడి బాధ ఎక్కడా నవ్వులాట కాలేదు. నవ్వంతా హింకెల్ మీదే, అతని మూక మీదే. కింద పడ్డవాడితో కలిసి నవ్వడం, పైన కూర్చున్నవాణ్ణి చూసి నవ్వడం – ఈ రెండు నియమాలూ ఆయన 'షోల్డర్ ఆర్మ్స్' నాటి నుంచి తప్పలేదు. పైగా, నవ్వు ఇక చాలదని తెలిసిన చోట ఆయనే దాన్ని పక్కన పెట్టేశాడు. విమర్శకులు అతుకులబొంత అన్న ఆ ఉపన్యాసం నా దృష్టిలో ఆ నిజాయితీకి గుర్తు.

యుద్ధం ముగిశాక ప్రేక్షకుడు మారాడు. 1947లో వచ్చిన 'మస్యూ వెర్డూ'లో డబ్బు కోసం ఆడవాళ్లను చంపే హంతకుడు, కొద్దిమందిని చంపితే నేరస్థుడు, లక్షలమందిని చంపితే వీరుడా అనే అర్థం వచ్చేలా లోకాన్ని నిలదీస్తాడు. అణుబాంబు వేసి రెండేళ్లు కాలేదు. న్యూయార్కులో తొలి ఆటకే హాల్లో ఈసడింపులు వినిపించాయి. శత్రువు మీద నవ్వమంటే నవ్విన జనం, తమ మీద తాము నవ్వుకోమంటే ఒప్పుకోలేదు! 1952లో 'లైమ్ లైట్' చిత్రంతో ఇంగ్లండుకు ఓడ ఎక్కగానే, తిరిగి అమెరికాలో అడుగుపెట్టే అనుమతి రద్దు చేశారు. ఆయన స్విట్జర్లాండులో స్థిరపడ్డాడు. 20 ఏళ్ల తర్వాత, 1972 ఏప్రిల్‌లో, అదే అమెరికా ఆయన్ను పిలిచి గౌరవ ఆస్కార్ ఇచ్చింది. హాలంతా లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టింది. 1977 డిసెంబరు 25న ఆయన కన్నుమూశాడు.

ఆయన తెరిచిన వాదన మాత్రం ఆయనతో పోలేదు. 1942లో ఎర్నెస్ట్ లూబిచ్ నాజీల చేతిలో చిక్కిన వార్సా మీద 'టు బి ఆర్ నాట్ టు బి' తీస్తే అభిరుచి లేని పని అని తిట్టారు. 1997లో ఇటలీవాడు రొబర్టో బెనిన్యీ 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్' తీస్తే, క్యాంపులో కొడుకు కోసం నాటకమాడే ఆ తండ్రిని చూసి కొందరు వెక్కివెక్కి ఏడ్చారు, ఇంత ఘోరంలో ఈ చమత్కారమేమిటని కొందరు లేచిపోయారు. బెనిన్యీ తండ్రే రెండేళ్లు నాజీల శ్రమశిబిరంలో మగ్గినవాడు.

కనుక, విద్యార్థి మిత్రులారా, మన సంఘం వారికి నాదొక విన్నపం. ఈసారి కల్చరల్ వీక్‌లో ఒక సాయంత్రం ఆరుబయట తెర కట్టి 'ది గ్రేట్ డిక్టేటర్' వెయ్యండి. ఫోనులో ఒంటరిగా చూస్తే ఇందులో సగమే దక్కుతుంది. పదిమంది మధ్య కూర్చుని చూడండి. తెరతోపాటు పక్కవాడి మొహం కూడా గమనించండి. జనం ఎక్కడ నవ్వుతున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు, ఎక్కడ ఒకరు నవ్వితే మరొకరు ముఖం చిట్లిస్తున్నారు – రాసిపెట్టుకోండి. ఆ తర్వాత క్యాంటీన్‌లో వాదించుకోండి. చరిత్ర డిపార్ట్‌మెంటు తరఫున టీ ఖర్చు నాది.